సెర్చ్ బాక్స్‌కి గ్రామర్ అక్కర్లేదు: ఇంగ్లిష్ నేర్చుకుంటూనే యూనివర్సిటీ లైబ్రరీని వాడుకోవడం ఎలా

యూనివర్సిటీలో మొదటి అసైన్‌మెంట్ ఇచ్చినప్పుడు లైబ్రరీ వెబ్‌సైట్ తెరిచి, సెర్చ్ బాక్స్‌లో ఒక పూర్తి వాక్యం టైప్ చేశాను. తప్పుల్లేకుండా ఉండాలని రెండుసార్లు గ్రామర్ కూడా సరిచూసుకున్నాను. వచ్చిన ఫలితాలు సున్నా. నా ఇంగ్లిష్ బాగోలేదు కాబట్టే ఏమీ దొరకలేదని వారం రోజులు నమ్మాను. నిజానికి లైబ్రరీ కేటలాగ్ వాక్యాలను అర్థం చేసుకోదు, మాటలు కలుస్తున్నాయా లేదా అని చూస్తుంది, అంతే. నేను రాసిన మాటలన్నీ ఒకే రికార్డులో (కేటలాగ్‌లో ఒక పుస్తకం వివరాలుండే పేజీలో) ఉన్న పుస్తకం ఎక్కడా ఉండి ఉండదు.

ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని విద్యార్థికి లైబ్రరీలో మొదటి అడ్డంకి చదవడం దగ్గర రాదు. అంతకంటే ముందే, ఏ మాటతో వెతకాలో తెలియని చోట వస్తుంది. ఆ మాటలు ఎక్కడ ఉంటాయో తెలిస్తే చాలు, లైబ్రరీయే వాటిని చేతికిస్తుంది. అందుకే ఈ గైడ్‌లో సగం వరకు చదవడం గురించి ఉండదు, మాటలు పోగు చేసుకోవడం గురించే ఉంటుంది.

మొదటి మెట్టు: ప్రశ్నను తెలుగులో రాసి ముక్కలు చేయండి

టాపిక్‌ని ముందు మీ భాషలో ఒక ప్రశ్నగా రాసుకోండి. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే మనకు వచ్చిన ఇంగ్లిష్‌కి తగ్గట్టు ప్రశ్న కుదించుకుపోతుంది. ఉదాహరణకి: "నిద్ర తక్కువైతే కాలేజీ విద్యార్థుల చదువు దెబ్బతింటుందా?" ఇందులో మూడు ముక్కలున్నాయి: నిద్ర తక్కువవడం, చదువు, కాలేజీ విద్యార్థులు. కాగితం మీద మూడు గడులు గీసి, ఒక్కో ముక్కను ఒక్కో గడి పైన రాయండి.

ఇప్పుడు ఆ గడులను ఇంగ్లిష్ మాటలతో నింపాలి. డిక్షనరీలో "నిద్రలేమి" అని వెతికితే ఒక మాట దొరుకుతుంది, కానీ రీసెర్చ్ చేసేవాళ్లు వాడేది అదేనని నమ్మకం లేదు. ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉంది. తెలుగు వికీపీడియాలో ఆ విషయం మీద వ్యాసం తెరిచి, భాషల జాబితాలో ఇంగ్లిష్ నొక్కండి. ఇంగ్లిష్ వ్యాసం శీర్షిక, దాని మొదటి పేరాలో బోల్డ్‌లో ఉన్న మాటలు, ఇవన్నీ మీ గడుల్లోకి వెళ్లాల్సినవే. వికీపీడియాని అసైన్‌మెంట్‌లో సోర్స్‌గా చూపించకండి, చాలామంది ప్రొఫెసర్లు ఒప్పుకోరు. మాటలు ఏరుకోవడానికి మాత్రం అంతకంటే సులువైన చోటు లేదు. ఇంగ్లిష్ వ్యాసం బరువుగా అనిపిస్తే, సింపుల్ ఇంగ్లిష్ వికీపీడియా అని విడిగా ఒకటి ఉంది. అదే విషయాన్ని చిన్న వాక్యాల్లో చెబుతుంది.

ఇలా ఏరితే మొదటి గడిలో స్లీప్ డిప్రివేషన్, స్లీప్ లాస్, స్లీప్ క్వాలిటీ చేరతాయి. రెండో గడిలో అకడమిక్ పెర్ఫార్మెన్స్, అకడమిక్ అచీవ్‌మెంట్, గ్రేడ్స్. మూడో గడిలో కాలేజ్ స్టూడెంట్స్, యూనివర్సిటీ స్టూడెంట్స్, అండర్‌గ్రాడ్యుయేట్స్. ఒక్కో గడికి కనీసం మూడు మాటలు లేనిదే సెర్చ్ బాక్స్ జోలికి వెళ్లకండి.

రెండో మెట్టు: లైబ్రరీ సొంత మాటను పట్టుకోండి

పుస్తకం మీద రచయిత ఏ పేరు పెట్టినా, కేటలాగ్ తయారుచేసేవాళ్లు ఒక్కో విషయానికి ఒక స్థిరమైన మాట నిర్ణయిస్తారు. దాన్ని సబ్జెక్ట్ హెడింగ్ అంటారు. వంట పుస్తకాల సంగతే చూడండి. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లంతా కుకింగ్ అంటుంటే, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాబితాలో దశాబ్దాలపాటు కుకరీ అనే రాసుకుంది. 2010లో గానీ దాన్ని కుకింగ్‌గా మార్చలేదు. ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఇలాంటి చోట్ల తడబడతారు. కాబట్టి మాట తట్టలేదని మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

వైద్యంలో ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. పబ్‌మెడ్ అనే ఉచిత డేటాబేస్‌లో గుండెపోటుకి పెట్టుకున్న హెడింగ్ మయోకార్డియల్ ఇన్ఫార్క్షన్. మామూలుగా అందరూ అనే హార్ట్ ఎటాక్ అని టైప్ చేసినా లోపల అది ఆ హెడింగ్‌కి కలిపి వెతికిపెడుతుంది. అన్ని డేటాబేస్‌లూ ఇంత దయ చూపించవు.

ఆ హెడింగ్ దొరకబుచ్చుకునే పద్ధతి ఇది. మీకు తెలిసిన ఏదో ఒక మాటతో వెతకండి. వచ్చిన వాటిలో మీ టాపిక్‌కి బాగా దగ్గరగా ఉన్న ఒక్క పుస్తకాన్నో రీసెర్చ్ పేపర్‌నో తెరవండి. ఆ రికార్డు పేజీ కింద సబ్జెక్ట్స్ అనో డిస్క్రిప్టర్స్ అనో కీవర్డ్స్ అనో కొన్ని మాటలుంటాయి. వాటిని గడుల్లోకి ఎక్కించి, ఆ మాటలతో మళ్లీ వెతకండి. మొదటిసారి దొరకని సరుకంతా ఈ రెండో సెర్చ్‌లో బయటపడుతుంది. విద్యారంగానికి సంబంధించిన టాపిక్ అయితే ఎరిక్ అనే డేటాబేస్‌లో ఈ మాటలకంటూ విడిగా ఒక థెసారస్ (హెడింగ్‌ల జాబితా) కూడా ఉంది. అమెరికా విద్యాశాఖ నడిపే ఈ డేటాబేస్ అందరికీ ఉచితం.

మూడో మెట్టు: మాటలను కలపడం

బేసిక్ సెర్చ్‌ని వదిలేసి అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరవండి. పేరు చూసి భయపడాల్సిన పనిలేదు. మూడు వరసలుంటాయి, మీ దగ్గర మూడు గడులున్నాయి. ఒక్కో గడిని ఒక్కో వరసలో దించేయడమే, ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా:

మొదటి వరస: "స్లీప్ డిప్రివేషన్" ఆర్ "స్లీప్ లాస్" ఆర్ "స్లీప్ క్వాలిటీ"
రెండో వరస: "అకడమిక్ పెర్ఫార్మెన్స్" ఆర్ "అకడమిక్ అచీవ్‌మెంట్" ఆర్ గ్రేడ్స్
మూడో వరస: "కాలేజ్ స్టూడెంట్స్" ఆర్ "యూనివర్సిటీ స్టూడెంట్స్" ఆర్ అండర్‌గ్రాడ్యుయేట్*

ఒకే గడిలోని మాటల మధ్య ఆర్ పెడితే వాటిలో ఏది ఉన్నా చాలని అర్థం, ఫలితాలు పెరుగుతాయి. వరసల మధ్య యాండ్ ఉంటుంది, అన్నీ ఉండాలని అర్థం, ఫలితాలు తగ్గుతాయి. ఈ రెండు మాటలను క్యాపిటల్ అక్షరాల్లో టైప్ చేయడం అలవాటు చేసుకోండి, కొన్ని సిస్టమ్‌లు చిన్న అక్షరాల్లో ఉంటే పట్టించుకోవు. కొటేషన్ గుర్తుల్లో పెడితే ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నవే వస్తాయి. చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మాటకు ఏ తోక ఉన్నా ఫర్వాలేదని అర్థం. ఎడ్యుకేట్ అనే మాటలో చివరి ఈ అక్షరం తీసేసి నక్షత్రం పెట్టారనుకోండి, ఎడ్యుకేషన్, ఎడ్యుకేటర్, ఎడ్యుకేషనల్ అన్నీ వచ్చేస్తాయి. ఇక్కడ నౌన్ వాడాలా వెర్బ్ వాడాలా అని తల పట్టుకునేవాళ్లకి ఈ నక్షత్రం పెద్ద ఊరట. అయితే గూగుల్ స్కాలర్‌లో ఇది పనిచేయదు.

స్పెల్లింగ్ దగ్గర ఒక జాగ్రత్త. బిహేవియర్ అనే మాటలో బ్రిటిష్ వాళ్లు యు అక్షరం కలుపుతారు, అమెరికన్లు కలపరు. అలాంటి మాటలు రెండు స్పెల్లింగ్‌లతోనూ రాసి మధ్యలో ఆర్ పెట్టండి. నాట్ అనే మాట కూడా ఒకటుంది గానీ దాన్ని వాడకపోవడమే మంచిది. మీరు వద్దన్న మాట పేపర్‌లో ఒక్కసారి కనబడినా, ఆ పేపర్ ఎంత మంచిదైనా కొట్టుకుపోతుంది.

ఫలితాలు వేలల్లో వస్తే ఇంకో వరస కలపండి, లేదా గత పదేళ్లకే పరిమితం చేయండి. పది కూడా రాకపోతే ఒక వరస తీసేయండి. ప్రతిసారీ ఏ మాటలతో ఎక్కడ వెతికారో ఒక లైన్ రాసి పెట్టుకోండి. రెండు రోజుల తర్వాత అదే సెర్చ్ మళ్లీ చేసి అరగంట పోగొట్టుకునే పని తప్పుతుంది.

నాలుగో మెట్టు: ఎక్కడ వెతకాలి

పుస్తకాల కోసం కేటలాగ్, జర్నల్ ఆర్టికల్స్ (పరిశోధన పత్రికల్లో అచ్చయ్యే పేపర్లు) కోసం డేటాబేస్‌లు. చాలా లైబ్రరీలు ఇప్పుడు రెండింటినీ కలిపి హోమ్‌పేజీలో ఒకే బాక్స్ పెడుతున్నాయి. మొదలుపెట్టడానికి అది బాగానే ఉంటుంది గానీ, ఆ తర్వాత మీ సబ్జెక్ట్‌కి ప్రత్యేకమైన డేటాబేస్‌కి వెళ్లాల్సిందే. సబ్జెక్ట్ గైడ్స్ లేదా రీసెర్చ్ గైడ్స్ అనే పేరుతో లైబ్రేరియన్లు ఒక్కో సబ్జెక్ట్‌కి ఒక పేజీ తయారుచేసి ఉంచుతారు. విద్యార్థులు దాన్ని తెరవనే తెరవరు. ఏ డేటాబేస్ వాడాలన్న టెన్షన్ ఆ ఒక్క పేజీతో పోతుంది.

2004లో వచ్చిన గూగుల్ స్కాలర్‌ని వాడొద్దని నేను చెప్పను. ఒక మంచి పేపర్ చేతికి దొరికాక, దాని కింద ఉండే సైటెడ్ బై నొక్కితే ఆ పేపర్‌ని తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో వరసగా వస్తుంది. పేపర్ చివర ఉన్న రిఫరెన్సులు వెనక్కి తీసుకెళ్తాయి, ఇది ముందుకు తీసుకెళ్తుంది. కొత్తగా ఏ మాటా కనిపెట్టకుండానే పది పేపర్లు దొరుకుతాయి.

ఒక పేపర్ తెరవగానే డబ్బు కట్టమని అడిగితే కట్టకండి. ముందు లైబ్రరీ వెబ్‌సైట్ నుంచి లాగిన్ అయి, అక్కడి నుంచి అదే పేపర్‌కి వెళ్లండి. ఇంటి నుంచి చూస్తున్నప్పుడు ఈ దారి తప్పనిసరి. అప్పటికీ తెరుచుకోకపోతే గూగుల్ స్కాలర్‌లో ఆల్ వెర్షన్స్ నొక్కి ఉచిత కాపీ ఉందేమో చూడండి, లేదా ఉచిత కాపీలు వెతికిపెట్టే అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. ఏదీ కుదరకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ ఉంది: మీ లైబ్రరీ వేరే లైబ్రరీని అడిగి తెప్పిస్తుంది. కొన్ని రోజులు పట్టొచ్చు కాబట్టి చివరి రాత్రి దీన్ని నమ్ముకోలేం.

ఐదో మెట్టు: లైబ్రేరియన్‌ని అడగడం

మొదటిసారి రిఫరెన్స్ డెస్క్ దగ్గరికి వెళ్లినప్పుడు నా టాపిక్ చెప్పాను. అక్కడున్న లైబ్రేరియన్ విని, ఎరిక్‌ని ట్రై చేశారా అని అడిగారు. ఎరిక్ అంటే అక్కడ పనిచేసే ఎవరో పెద్దమనిషి అనుకుని, ఆయన ఏ డెస్క్ దగ్గర ఉంటారండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు. మానిటర్ నా వైపు తిప్పి డేటాబేస్ చూపించారు. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నది అంతకుముందు నెల రోజుల్లో నేర్చుకోలేదు.

మాట్లాడటానికి బెరుకైతే కాగితం మీద రాసుకుని వెళ్లి చూపించండి. చాలా లైబ్రరీలకు చాట్, ఈమెయిల్ కూడా ఉంటాయి. అక్కడైతే తాపీగా ఆలోచించి టైప్ చేయొచ్చు. ఐదు విషయాలు చెబితే సరిపోతుంది: మీ టాపిక్ ఏంటి, ఎలాంటి అసైన్‌మెంట్, ఎన్ని పేజీలు, ఎప్పటికి ఇవ్వాలి, ఇప్పటిదాకా ఏ మాటలతో ఎక్కడ వెతికారు. ఇంకో మాట. టాపిక్ దాచుకోకండి. "సైకాలజీ పుస్తకాలు ఎక్కడున్నాయి" అని అడిగితే వేలు పెట్టి అల్మారా చూపిస్తారు. "నిద్రకీ మార్కులకీ సంబంధం గురించి రాస్తున్నాను" అంటే పక్కన కూర్చుని వెతికిపెడతారు.

అర్థం కాకపోయినా అయినట్టు తల ఊపే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ మాట రాసి చూపించమని అడగండి, అది ఎవరికీ తప్పుగా అనిపించదు.

ఆరో మెట్టు: లైబ్రరీ ఇంగ్లిష్, అల్మారాల లెక్క

తెలిసిన మాటలే లైబ్రరీలో వేరే అర్థంతో ఎదురవుతాయి. ఇష్యూ అంటే సమస్య కాదు, జర్నల్ సంచిక. వాల్యూమ్‌కి శబ్దంతో సంబంధం లేదు, చాలా జర్నళ్లలో ఒక ఏడాది సంచికలన్నీ కలిపి ఒక వాల్యూమ్. హోల్డ్ పెట్టడమంటే వేరేవాళ్ల దగ్గరున్న పుస్తకం తిరిగి రాగానే మీకోసం పక్కన పెట్టమని చెప్పడం. లెండ్, బారో దగ్గర అందరం పొరబడతాం. లైబ్రరీ చేసేది లెండ్, మనం చేసేది బారో. అన్నిటికంటే ఎక్కువ గందరగోళం రివ్యూతో. బుక్ రివ్యూ ఒక పుస్తకం మీద అభిప్రాయం. రివ్యూ ఆర్టికల్ ఒక విషయం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చెప్పేది. పీర్ రివ్యూ అంటే అచ్చయ్యే ముందు అదే రంగంలోని నిపుణులు పరిశీలించడం. ప్రొఫెసర్ పీర్ రివ్యూడ్ సోర్సులు కావాలంటే, డేటాబేస్‌లో ఆ పేరుతోనే ఉండే చిన్న గడిలో టిక్ పెట్టండి. కొత్త టాపిక్ అయితే ముందు ఒక రివ్యూ ఆర్టికల్ దొరకబుచ్చుకోండి, సగం పని అయిపోయినట్టే.

ఇక అల్మారాలు. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో ఇంగ్లిష్ వాడుక నేర్పే పుస్తకాలు 428 దగ్గర ఉంటాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో అయితే పీఈ 1128 దగ్గర చూడండి, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసం రాసినవి అక్కడుంటాయి. డ్యూయీ నంబర్లలో చుక్క తర్వాత వచ్చేది దశాంశం, కాబట్టి 428.24 ముందు వస్తుంది, 428.3 తర్వాత. 24 పెద్దది కదా అని 428.3 దాటి వెళ్లి వెతికి, పుస్తకం లేదనుకుని వచ్చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కావలసిన పుస్తకం దొరికాక దానికి అటూ ఇటూ ఉన్నవాటి మీద కూడా ఓ చూపు వేయండి, అవన్నీ అదే విషయానివి.

ఏడో మెట్టు: చదవడం

50 మాటలకు ఒకటి కంటే ఎక్కువ తెలియని మాటలుంటే సాయం లేకుండా హాయిగా చదవడం కష్టమని పదజాలం మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. 6,000 మాటల పేపర్‌లో 20కి ఒకటి తెలియదనుకుందాం. అంటే 300 మాటలు. ఒక్కోదానికి నిమిషం చొప్పున డిక్షనరీ చూస్తే ఐదు గంటలు. అంతా అయ్యాక ఆ పేపర్ మీకు పనికిరాదని తేలొచ్చు కూడా. అందుకే మొదటి అక్షరం నుంచి చివరిదాకా వరసగా చదవకండి.

ముందు అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపర్ మొదట్లో ఉండే సారాంశం. దాన్ని మాత్రం మాట మాటకీ అర్థం చేసుకుని చదవండి, పేరా మాత్రమే కదా. తర్వాత ఇంట్రడక్షన్‌లో చివరి పేరా, ఈ పరిశోధన ఏం తేల్చాలనుకుందో సాధారణంగా అక్కడ ఉంటుంది. ఆపైన టేబుళ్లు, బొమ్మలు, వాటి కింది వివరణ. అక్కణ్ణించి నేరుగా డిస్కషన్ మొదటి పేరాకి దూకండి. ఇంతవరకు చదవడానికి అరగంట చాలు, పేపర్ ఉంచాలా వదిలేయాలా అనేది తేలిపోతుంది. ఉంచినవాటినే మొత్తం చదవండి. మెథడ్స్ భాగాన్ని చివరికి వదిలేయండి.

తెలియని మాటలన్నీ ఒక రకం కాదు. మీ సబ్జెక్ట్ మాట అయితే ఆగి అర్థం చూసి రాసుకోండి, ప్రతి పేపర్‌లోనూ అదే వస్తుంది. ఏ సబ్జెక్ట్‌లోనైనా కనిపించే చదువుల మాటలు కొన్ని ఉంటాయి. 2000లో అవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు వాటిని ఏరి అకడమిక్ వర్డ్ లిస్ట్ తయారుచేశారు. 570 పద కుటుంబాలు (ఒకే మూలం నుంచి వచ్చే మాటల గుంపులు), అకడమిక్ రాతల్లో దాదాపు 10 శాతం అవే. రోజుకి ఐదారు చొప్పున నేర్చుకుంటే ఒక సెమిస్టర్‌లో అయిపోతాయి. ఈ రెంటిలోనూ పడని మాటని దాటేయండి.

తెలిసిన మాటలు చేసే మోసం ఇంకా ఎక్కువ. లిటరేచర్ అంటే ఇక్కడ కథలూ కవితలూ కాదు, ఆ విషయం మీద ఇంతకుముందు వచ్చిన పరిశోధనలు. సబ్జెక్ట్స్ అంటే ప్రయోగంలో పాల్గొన్న మనుషులు. సిగ్నిఫికెంట్ అంటే ముఖ్యమైనదని అనుకుంటాం, గణాంకాలు వాడిన పేపర్‌లో మాత్రం ఆ ఫలితం కేవలం యాదృచ్ఛికంగా వచ్చినట్టు లేదని దాని భావం. తేడా చాలా చిన్నదైనా సిగ్నిఫికెంట్ కావచ్చు. అలాగే నిద్రకీ మార్కులకీ అసోసియేషన్ ఉందని రాస్తే, రెండూ కలిసి పెరిగి తగ్గుతున్నాయనే అర్థం. నిద్ర తగ్గడం వల్లే మార్కులు తగ్గాయని ఆ రచయితలు అనలేదు. మీ అసైన్‌మెంట్‌లో మీరు అలా రాస్తే అది ఇంగ్లిష్ తప్పు కాదు, విషయం తప్పు. మార్కులు పోయేది ఇక్కడే.

ఎనిమిదో మెట్టు: నోట్సు, రాయడం

ఇంగ్లిష్ పేపర్ చూస్తూ ఇంగ్లిష్‌లో నోట్సు రాస్తే, తెలియకుండానే వాళ్ల వాక్యాలు మన నోట్సులోకి దిగిపోతాయి. ఒకటి రెండు మాటలు మార్చి అసైన్‌మెంట్‌లో పెడితే అదీ ప్లేజియరిజమే. నేను చేసే పని: ఒక భాగం చదివాక పేపర్ మూసేసి, అర్థమైనదాన్ని తెలుగులో రాస్తాను, పక్కనే పేజీ నంబరు వేస్తాను. మర్నాడు ఆ తెలుగు నోట్సు మాత్రమే ముందు పెట్టుకుని ఇంగ్లిష్‌లో రాస్తాను. వాక్యం కాస్త ముతకగా వస్తుంది గానీ నాదే అవుతుంది. తెలుగులో రాయలేకపోయానంటే ఆ భాగం నాకు అర్థం కాలేదన్నమాట. ఉన్నదున్నట్టు తీసుకున్న మాటలుంటే నోట్సులోనే కొటేషన్ గుర్తులు పెట్టేయండి, తర్వాత గుర్తుండదు.

వాక్యం ఎలా మొదలుపెట్టాలో తోచనప్పుడు మాంచెస్టర్ యూనివర్సిటీ వారి అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ చూడండి. ఇతరుల పరిశోధనను ప్రస్తావించడానికి, విభేదించడానికి, పరిమితులు చెప్పడానికి ఎలాంటి వాక్యాలు వాడతారో అక్కడ విడివిడిగా ఉంటాయి. అవి అందరూ వాడే వాక్య మూసలు, వాడుకుంటే కాపీ అనరు. ఇంకొకటి, రీసెర్చ్, ఎవిడెన్స్, ఇన్ఫర్మేషన్ అనే మాటల చివర ఎస్ చేర్చకండి. మనం బాగా చేసే తప్పు ఇది.

మొదటి పేపర్ దొరికిన రోజే జోటెరో పెట్టుకోండి. 2006లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. బ్రౌజర్‌లో ఒక్క నొక్కుతో పేపర్ వివరాలు దాచుకుంటుంది, చివర్లో రిఫరెన్సుల జాబితా అదే రాసిస్తుంది. అలాగని కళ్లు మూసుకుని నమ్మొద్దు, రచయితల పేర్లు, సంవత్సరం, క్యాపిటల్ అక్షరాలు ఒకసారి సరిచూసుకోవాలి. ఏఐ చాట్‌బాట్ ఏదైనా రిఫరెన్స్ ఇచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త, లేని పేపర్లను ఉన్నట్టే చెప్పేస్తాయి. ప్రతి ఆర్టికల్‌కీ 10తో మొదలయ్యే డీఓఐ నంబరు (ఆర్టికల్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉందేమో చూడండి. ఉంటే దాన్ని నొక్కి, తెరుచుకున్న పేజీలోని శీర్షికా మీ జాబితాలోని శీర్షికా ఒకటేనా కాదా పోల్చండి. లేకపోతే శీర్షికని కొటేషన్ గుర్తుల్లో పెట్టి డేటాబేస్‌లోనో గూగుల్ స్కాలర్‌లోనో వెతకండి. జాబితా మొత్తానికి ఇరవై నిమిషాలు పడుతుంది, అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు ఆ ఇరవై నిమిషాలు మిగుల్చుకోండి.